గట్టు మీది గ్రానైట్, బెజవాడ కొండలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో రాళ్ల గురించినవే ఎక్కువగా ఉన్నాయి. ఇల్లు కట్టుకుంటున్నవారు, పాఠాలు చెప్పేవారు, కొండ కింద కాపురముంటున్నవారు ఎవరికి వారు అడిగినా, ప్రశ్నలన్నీ చివరకు గ్రానైట్ దగ్గరే కలుస్తున్నాయి గనుక వాటిని ఒకచోట చేర్చాను. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలు చాలా ఉంటే అందులో ఒకదాన్ని మాత్రమే తీసుకున్నాను.

ప్రశ్న: వంటింటి గట్టుకు రాయి చూడడానికి వెళ్తే బంగారు చుక్కలున్న నల్లరాయినీ, ముదురు గోధుమరంగు మచ్చల రాయినీ, బూడిదరంగు రాయినీ చూపించి అన్నీ గ్రానైటేనన్నారు. చూపుకే ఇంత తేడా ఉన్నవి ఒకే రాయి ఎలా అవుతాయండీ?
— ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఒకే రాయి కావు. గట్టిగా ఉండి, మంచి పాలిష్ వచ్చే స్ఫటికశిల ఏదైనా దుకాణంలో గ్రానైట్ కిందే అమ్ముడుపోతుంది. అది వ్యాపారపు లెక్క, అందులో మోసమేమీ లేదు. శిలాశాస్త్రం మాత్రం రాయిని రంగును బట్టి కాక అందులోని ఖనిజాల పాళ్లను బట్టి నిర్ణయిస్తుంది. రాతిలోని పలుగు (క్వార్ట్జ్), రెండు రకాల ఫెల్డ్‌స్పార్లు కలిపి నూరు పాళ్లనుకుంటే, అందులో పలుగు 20 నుంచి 60 పాళ్ల వరకు ఉండాలి. ఫెల్డ్‌స్పార్ మొత్తంలో పొటాషియం ఎక్కువగా ఉండే రకం 35 నుంచి 90 శాతం దాకా ఉండాలి. ఈ రెండు షరతులకూ నిలిచినదే అసలు గ్రానైట్. పలుగు సరిపడా ఉన్నా, సోడియం, కాల్షియం ఉండే ప్లాజియోక్లేజ్ ఫెల్డ్‌స్పార్‌దే పైచేయి అయితే అది గ్రానోడయొరైట్, దాదాపు అంతా అదే అయితే టోనలైట్. ఈ దగ్గరి చుట్టాలన్నింటినీ కలిపి గ్రానైట్ తరహా శిలలు అంటారు.

మీరు చూసిన బంగారు చుక్కల నల్లరాయి ప్రకాశం జిల్లా చీమకుర్తి క్వారీలలో దొరికే గెలాక్సీ. దేశదేశాలకు ఎగుమతి అయ్యే ఆ రాయి శాస్త్రం ప్రకారం గ్రానైట్ కానే కాదు, గాబ్రోనొరైట్. అందులో పలుగు ఉండవలసినంత లేదు, ఉన్నదంతా ప్లాజియోక్లేజ్, ఇనుము, మెగ్నీషియం ఉండే పైరాక్సీన్ ఖనిజాలే. ఆ చుక్కలు బంగారమూ కాదు, కాకిబంగారమూ కాదు. బ్రాంజైట్ అనే పైరాక్సీన్ స్ఫటికాల లోపల అతి సన్నని పొరలుగా విడిపోయిన వేరే ఖనిజాల మీద వెలుగు పడి వెనక్కు తిరిగినప్పుడు ఆ కంచు మెరుపు వస్తుంది. అందుకే తల కొంచెం పక్కకు వంచి చూస్తే కొన్ని చుక్కలు ఆరిపోయి, అంతవరకు కనబడనివి కొన్ని వెలుగుతాయి. గోధుమరంగు మచ్చల రాయి బహుశా కరీంనగర్ ప్రాంతం నుంచి వచ్చే టాన్ బ్రౌన్ అయి ఉంటుంది. ఆ మచ్చలు ఒక్కొక్కటి ఒక్కో ఫెల్డ్‌స్పార్ స్ఫటికం.

దుకాణంలోనే చేయగల పరీక్ష ఒకటుంది. పాలిష్ ముఖం కాక, పలక అంచున విరిగిన చోటును ఎండలోకి పట్టి, పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దంతో చూడండి. చదునైన చిన్న చిన్న తలాలుగా విరిగి, తిప్పుతుంటే ఒక్కసారిగా తళుక్కుమనేది ఫెల్డ్‌స్పార్. దాని మీద సన్నని సమాంతర గీతలు గీసినట్టు కనిపిస్తే ప్లాజియోక్లేజ్, గీతలు లేకుండా లేత గులాబీ రంగులో ఉంటే పొటాషియం రకం అనుకోవచ్చు. ఆ గులాబీ రంగు అందులో దుమ్ముకన్నా సన్నగా కలిసిన ఇనుప ఆక్సైడుది. ఎటు తిప్పినా చదును తలం దొరక్క, బూడిదరంగు గాజు మెరుపుతో వంకర టింకరగా విరిగినది పలుగు. సూదిమొనతో గీకితే రేకులుగా లేచే నల్లనిది బయొటైట్ అభ్రకం. రేకులుగా లేవకుండా పొడుగ్గా, మొండిగా ఉన్న నల్లనిది హార్న్‌బ్లెండ్. ఈ నాలుగైదింటిని గుర్తుపట్టగలిగితే ఏ దుకాణంలోనైనా రాయిని మీరే చదవగలరు.

గట్టుకు ఏది మంచిదని కూడా అడిగారు. గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా అంకెల్లో చెప్పే మోస్ కాఠిన్య మానం మీద ఫెల్డ్‌స్పార్ 6, పలుగు 7, మామూలు కత్తి ఉక్కు సుమారు 5.5. కాబట్టి వీటిలో దేని మీదా కత్తిగీత పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు కూడా ఈ ఖనిజాలను తినవు. పాలరాయి సంగతి వేరు, దానిలోని కాల్సైట్ కాఠిన్యం 3, పైగా పులుపు తగిలితే పొంగుతుంది.

ప్రశ్న: శిలాద్రవం భూమి లోపల నెమ్మదిగా చల్లారితే గ్రానైట్ అవుతుందని పాఠం చెబుతున్నాం. పాత శిలలే కరిగి గ్రానైట్‌గా మారతాయని మరోచోట చదివాను. ఏది సరి? దాన్ని ఎలా తేల్చారు?
— ఒక ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రెండూ సరే, ఎందుకంటే రెండూ ఒకే కథలోని రెండు ఘట్టాలు. చల్లారడానికి ముందు ఏదో ఒకటి కరగాలి కదా. ఆ కరిగేది చాలావరకు భూపటలపు అడుగుభాగంలోని పాత శిలే.

అయితే ఈ మాట తేలడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. 18వ శతాబ్దపు చివర ఐరోపాలో జర్మన్ శాస్త్రజ్ఞుడు వెర్నర్ పక్షంవారు గ్రానైట్ ఆదిసముద్రపు నీటిలోంచి పేరుకున్న తొలి శిల అని నమ్మారు. 1785లో భూగర్భ శాస్త్రజ్ఞుడు జేమ్స్ హట్టన్ స్కాట్లండ్‌లోని గ్లెన్ టిల్ట్ లోయలో, ఎర్రటి గ్రానైట్ తీగలు నల్లటి పాత శిలలోకి చొచ్చుకుపోయి దాన్ని ముక్కలు చేసిన చోటును చూశాడు. చొచ్చుకుపోయినది చొరబడే నాటికి ద్రవంగా ఉండి తీరాలి, దాన్ని ఇముడ్చుకున్నది అప్పటికే గట్టిపడి ఉండాలి. కాబట్టి గ్రానైట్ అన్నిటికన్నా పాతదీ కాదు, నీటిలో పేరుకున్నదీ కాదు. కరిగిన రాయి గాజుగా కాక స్ఫటికాలుగా ఎలా గడ్డకడుతుందని ఎదుటివారు అడిగారు. ఆ శతాబ్దం చివరి ఏళ్లలో జేమ్స్ హాల్ నల్లరాతిని కొలిమిలో కరిగించి, త్వరగా చల్లారిస్తే గాజూ, నెమ్మదిగా చల్లారిస్తే స్ఫటికశిలా వస్తాయని చూపించి ఆ ఆక్షేపణను తీర్చాడు.

మిగిలిన చిక్కు వేడిది. గ్రానైట్ పొడిగా ఉంటే పూర్తిగా కరగడానికి 950 డిగ్రీలు దాటాలి, భూపటలంలో అంత వేడి అన్నిచోట్లా దొరకదు. అసలు కరగనే లేదు, ఘనస్థితిలోనే ద్రావణాలు పాకి పాత శిలను గ్రానైట్‌గా మార్చాయని 20వ శతాబ్దపు మధ్య వరకు వాదించిన పెద్దలున్నారు. 1958లో టటిల్, బోవెన్ అనే శాస్త్రజ్ఞులు తమ ప్రయోగఫలితాలు ప్రకటించాక ఆ వాదం బలం కోల్పోయింది. పీడనం కింద నీరు కలిస్తే పలుగు, రెండు ఫెల్డ్‌స్పార్ల మిశ్రమం 650–700 డిగ్రీల దగ్గరే కరుగుతుందని వారు చూపారు. ఇంకా ముఖ్యమైనదేమిటంటే, అతి తక్కువ వేడిలో కరిగే మిశ్రమంలో ఆ మూడింటి పాళ్లు ఎంతెంత ఉంటాయో, ప్రకృతిలోని గ్రానైట్లలో అత్యధికం కూర్పు సరిగ్గా ఆ దగ్గరే గుమిగూడి ఉంది. ఎక్కడో కొన్ని అలా ఉంటే యాదృచ్ఛికమనవచ్చు, వందల రాళ్లు అక్కడే చేరితే ఆ మాట చెల్లదు.

ఆ నీరు ఎక్కడిదని విద్యార్థులు అడుగుతారు. లోతున నీటి కుంటలేవీ ఉండవు. అభ్రకం, హార్న్‌బ్లెండ్‌ల స్ఫటికనిర్మాణంలోనే నీటి అంశం బిగిసి ఉంటుంది. వేడి పెరిగి ఆ ఖనిజాలు విచ్ఛిన్నమైనప్పుడు అది బయటపడి, చుట్టూ ఉన్న పలుగును, ఫెల్డ్‌స్పార్‌ను కరిగిస్తుంది. వేడి పెరగడానికి కారణాలు చోటును బట్టి మారతాయి. ఖండాలు ఢీకొని భూపటలం మందమెక్కడం ఒకటి, కింది నుంచి వేడి బసాల్ట్ (లావా గడ్డకడితే వచ్చే నల్లరాయి) ద్రవం వచ్చి అడుగున చేరడం మరొకటి. ఈ రెండోదానికి ఆనవాళ్లు హైదరాబాదు చుట్టుపక్కల గుండ్లలో కనిపిస్తాయి. లేత రాతి నడుమ గుండ్రటి నల్ల మచ్చలు కనబడితే, అవి గ్రానైట్ ద్రవంలోకి దూరి కలవకుండా మిగిలిపోయిన బసాల్ట్ తరహా ద్రవపు ముద్దలు కావచ్చు.

ఏ శిల కరిగిందో కూడా ఖనిజాలు చెబుతాయి. 1974లో ఆస్ట్రేలియాలో చాపెల్, వైట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు గ్రానైట్లను ఈ దృష్టితో విడదీశారు. బురద, మట్టి పేరుకుని ఏర్పడిన అవక్షేపశిల కరిగితే అల్యూమినియం మిగులుతుంది కనుక తెల్ల అభ్రకం, గార్నెట్, కార్డియరైట్ వంటివి పుడతాయి, దాన్ని ఎస్ రకం అన్నారు. పాత అగ్నిశిల కరిగితే హార్న్‌బ్లెండ్, స్ఫీన్, మాగ్నెటైట్ కనిపిస్తాయి, దాన్ని ఐ రకం అన్నారు. అన్ని గ్రానైట్లూ ఈ రెండు గూళ్లలో సరిగ్గా ఇమడవన్నది నిజమే అయినా, తరగతిలో మొదట చెప్పడానికి ఇంతకన్నా మంచి దారి నాకు కనబడదు.

కరిగిన ద్రవం చుట్టూ ఉన్న శిలకన్నా తేలిక కనుక పగుళ్ల వెంట పైకి లేచి, కొన్ని కిలోమీటర్ల లోతున ఆగి గడ్డకడుతుంది. ‘నెమ్మదిగా’ అంటే ఎంత నెమ్మదో లెక్కవేసి చూపితే పిల్లలకు గుర్తుంటుంది. రాతిలో వేడి ప్రసరించే వేగాన్ని బట్టి చూస్తే, అటూ ఇటూ ఒక్కో మీటరు, అంటే రెండు మీటర్ల వెడల్పున్న ద్రవపు తీగ ఇంచుమించు పన్నెండు రోజుల్లో వేడిలో పెద్దభాగం వదులుకుంటుంది. వెడల్పు పదింతలైతే కాలం వందింతలవుతుంది. ఈ లెక్కన రెండు కిలోమీటర్ల మందమున్న ముద్దకు ముప్పై వేల ఏళ్లకు పైగా కావాలి. స్ఫటికం కంటికి కనిపించేంతగా పెరగడానికి దొరికిన వ్యవధి అదే.

ఆ వ్యవధిలో ఖనిజాలన్నీ ఒక్కసారిగా పుట్టవు. సాధారణంగా హార్న్‌బ్లెండ్, ప్లాజియోక్లేజ్ ముందు, తరువాత బయొటైట్, చివర పొటాషియం ఫెల్డ్‌స్పార్, పలుగు. ముందు పుట్టిన స్ఫటికం ద్రవంలో స్వేచ్ఛగా పెరిగి తన ఆకారం నిలుపుకుంటుంది. ఆఖరున వచ్చిన పలుగుకు మిగిలిన సందులే గతి, అందుకే గ్రానైట్‌లోని పలుగుకు సొంత ఆకారం ఉండదు. ప్లాజియోక్లేజ్‌ను సూక్ష్మదర్శిని కింద పెట్టండి. మధ్యలో కాల్షియం ఎక్కువ, అంచుల వైపు పోయేకొద్దీ సోడియం ఎక్కువ. ద్రవం చల్లారేకొద్దీ మారిన కూర్పు పొరపొరగా నమోదై ఉంటుంది. ఒక్కోసారి సోడియం పెరుగుతూ పెరుగుతూ మధ్యలో మళ్లీ కాల్షియం పొర తగులుతుంది. గడ్డకడుతున్న ద్రవంలోకి అప్పుడే కొత్త వేడిద్రవం వచ్చి చేరిందనడానికి అది మంచి సూచన.

ప్రశ్న: ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండలు గ్రానైట్ కొండలేనా? ఉండవల్లి గుహలను ఇసుకరాతిలో తొలిచారని కొన్నిచోట్ల రాశారు. రెండు మైళ్ల దూరంలో అంత తేడా ఉంటుందా?
— ఒక పాఠకుడు, తాడేపల్లి

జవాబు: ఉండదు. బెజవాడ, ఉండవల్లి, మంగళగిరి కొండలన్నీ తూర్పు కనుమల వరుసకు చెందినవే. వాటిలో ప్రధానంగా ఉన్నవి ఖోండలైట్, చార్నకైట్ అనే శిలలు. వాతావరణానికి పుచ్చి, పసుపు గోధుమ రంగుకు తిరిగి, గీకితే గరుకుగా రాలే ఖోండలైట్‌ను చూసి ఇసుకరాయి అనుకోవడం తేలికే.

కొండను తొలిచి రోడ్డు వేసిన చోట తాజాగా తెగిన ముఖం దొరికితే దగ్గరకు వెళ్లి చూడండి. చారలు చారలుగా ఉన్న రాతిలో కందిగింజ మొదలు బఠాణీ గింజ వరకు ఉండే ముదురు ఎరుపు గుండ్లు గార్నెట్. వాటిని చుట్టుకుంటూ పోయే తెల్లని సన్నని పుల్లలు సిల్లిమనైట్. వేలికి నల్లగా మసి అంటితే అది గ్రాఫైట్. ఇసుకరాతిలో ఈ మూడూ ఇలా కలిసి ఉండవు. ఒకప్పుడు ఇది సముద్రపు అడుగున పేరుకున్న బంకమట్టి, ఆ గ్రాఫైట్ ఆ బురదలోని సేంద్రియ పదార్థపు కర్బనం. ఆ మట్టి ఇరవై కిలోమీటర్లకు మించిన లోతుకు చేరి, 800 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికి ఇలా మారింది. కొండపల్లి వైపు పోతే చార్నకైట్ ఎక్కువ. జిడ్డు ఆకుపచ్చ ఛాయ గల నల్లరాయి అది, మన ఊళ్లలో రోడ్లకు పోసే కంకరలో బాగా కనిపిస్తుంది. దాని ఖనిజాలు గ్రానైట్ వాటిలాంటివే: పలుగు, ఫెల్డ్‌స్పార్. తేడా అంతా అభ్రకం స్థానంలో హైపర్‌స్తీన్ అనే పైరాక్సీన్ ఉండడంలోనే ఉంది. అభ్రకంలో నీరుంటుంది, హైపర్‌స్తీన్‌లో ఉండదు. అంటే ఆ రాయి మహా వేడిలో, నీరు బహు తక్కువగా ఉన్నచోట రూపుదిద్దుకుంది. ఈ శిలను మొదట వర్ణించినవాడు హాలండ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు, 1893లో. మద్రాసు నుంచి కలకత్తాకు తీసుకుపోయిన రాతితో కట్టిన, ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నక్ సమాధి నుంచే దానికా పేరు పెట్టాడు. సమాధి రాతి పేరుతో ప్రపంచమంతా పిలిచే శిల మరొకటి ఉందని నేననుకోను.

ఈ కొండలకూ గ్రానైట్‌కూ సంబంధం లేదా అంటే, ఉంది, చాలా దగ్గరిది. పై జవాబులో చెప్పిన కరగడం అనే పని జరిగేది సరిగ్గా ఇలాంటి లోతులోనే, ఇలాంటి శిలల్లోనే. అభ్రకం విచ్ఛిన్నమై ద్రవం పుట్టి, తేలికైన ఆ ద్రవం పైకి పోయాక అడుగున మిగిలేది గార్నెట్, సిల్లిమనైట్, హైపర్‌స్తీన్ వంటి కరగడానికి మొరాయించే ఖనిజాలు. గానుగలో నూనె పోగా మిగిలిన తెలగపిండి ఎలాంటిదో, గ్రానైట్ ద్రవం పోగా మిగిలిన ఖోండలైట్ అలాంటిది. తప్పించుకోలేక అక్కడే గడ్డకట్టిన కొంత ద్రవం లేత రంగు తీగలుగా ఈ చారల మధ్యే దొరుకుతుంది. తీగ అంచున నల్లని ఖనిజాలు బద్దీలా పేరుకుని ఉంటే, అక్కడ కరిగినదీ మిగిలినదీ రెండూ ఒకేచోట కళ్లబడుతున్నాయన్నమాట. చార్నకైట్ మొత్తాన్నీ ఇలా మిగిలినదని అనకూడదు, దానిలో కొంత స్వయంగా వేడి ద్రవం నుంచి గడ్డకట్టినదే.

బెజవాడ నుంచి ఒంగోలు దాకా ఉన్న ఈ భాగంలో ఆ మహా వేడి సుమారు 160 కోట్ల ఏళ్ల నాటిది. వినుకొండ దగ్గరి గ్రానైట్ కూడా ఇంచుమించు ఆ కాలానిదే. హైదరాబాదు గ్రానైట్లు ఇంకా పాతవి, సుమారు 250 కోట్ల ఏళ్లవి. ఇరవై కిలోమీటర్ల లోతున ఉండవలసిన రాయి కృష్ణ ఒడ్డున గుడి మెట్లకు ఆనుకుని ఉందంటే, దాని మీద ఉన్న అంత మందమూ అరిగి కొట్టుకుపోయిందన్నమాట. బెజవాడవారు తమ ఊరి కొండను ఈ దృష్టితో చూడరెందుకా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. భూపటలపు అడుగును చూడడానికి ఇతర దేశాలవారు బోలెడు దూరం ప్రయాణం చేస్తారు.

ప్రశ్న: అంత గట్టి రాయి అయితే వానలకు చరియలు ఎందుకు విరుగుతున్నాయి? 2024 ఆగస్టు ఆఖరున మొగల్రాజపురంలో ఇళ్ల మీద పడి ప్రాణాలే పోయాయి. మేమూ కొండవాలులోనే ఉంటున్నాం.
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: లోతున, వేడిలో, నీరు లేనిచోట పుట్టిన ఖనిజాలకు మన వానా గాలీ పడవు. వాననీటిలో గాలిలోని బొగ్గుపులుసు వాయువు కొంచెం కరిగి ఉంటుంది. ఆ బలహీనమైన ఆమ్లం ఫెల్డ్‌స్పార్‌లోని పొటాషియం, సోడియం, కాల్షియాలను లాగేయగా మిగిలేది కేయోలిన్ అనే తెల్లమట్టి. బయొటైట్‌లో ఇనుము తుప్పుపట్టి రేకులు ఉబ్బి, పక్క గింజలను నెట్టి రాతిని లోపలినుంచి వదులు చేస్తాయి. గార్నెట్ చుట్టూ కనిపించే తుప్పు మరక కూడా అలాంటి ఇనుముదే. పలుగు ఒక్కటే చెక్కుచెదరదు, కానీ తనను పట్టి ఉంచే పొరుగు ఖనిజాలు మట్టిగా మారాక అది రాలే గింజే.

చార్నకైట్ దిమ్మగా ఉంటుంది కనుక కొంత ఓర్చుకుంటుంది. ఖోండలైట్‌లో చారలున్నాయి, ఆ చారల వెంట నీరు దిగి, ఏ చార మట్టిగా మారితే ఆ చార జారుడు పలకవుతుంది. కోణార్క ఆలయంలో ఎక్కువగా వాడినది ఖోండలైటే, అక్కడి శిల్పాలు అరిగిపోవడానికి సముద్రపు గాలితోపాటు ఈ రాతి స్వభావమూ కారణం. పైన గుండ్రాళ్లుగా తేలిన దిమ్మలు కింది పుచ్చుమట్టి మీద ఆని ఉంటాయి. రోజుల తరబడి వాన పడితే సందుల్లో నీటి ఒత్తిడి పెరిగి, వాలు పాదాన్ని ఇంటి కోసం చెక్కేసి ఉంటే ఆసరా పోయి, ఒక్కసారిగా కదులుతాయి.

ఇంటి వెనక కోసిన గట్టులో కొత్త పగుళ్లు పడ్డా, చెట్లు గానీ స్తంభాలు గానీ పక్కకు ఒరిగినా, ఎప్పుడూ లేనిచోట బురదనీరు ఊరినా ఆలస్యం చేయకండి. పెద్ద వాన హెచ్చరిక ఉన్న రాత్రి అక్కడ పడుకోకండి. వాలు తీరును చూసి చెప్పవలసింది ఇంజనీరింగ్ భూగర్భ నిపుణుడు, ఉత్తరంలో చదివి నేను చెప్పగలిగేది ఇంతే.

ప్రశ్న: కృష్ణ ఇసుక ఇంటికి మంచిదంటారు. కృష్ణ పుట్టింది నల్లరేగడి సీమలో కదా, తెల్ల ఇసుక ఎలా వచ్చింది?
— ఒక తాపీ మేస్త్రి, గుంటూరు

జవాబు: చక్కని ప్రశ్న. మహాబలేశ్వరం దగ్గర నది పుట్టేది దక్కన్ లావా మీద. ఆ బసాల్ట్‌లో పలుగు దాదాపు ఉండదు, అది పుచ్చితే చివరకు మిగిలేది రేగడి మట్టి, ఇసుక కాదు. కర్ణాటకలో నది గ్రానైట్, అలాంటి ఖనిజాలే చారలుగా ఉండే నైస్ శిలల నేల మీదికి వచ్చాక, తుంగభద్ర అలాంటి ప్రాంతం నుంచే వచ్చి కలిశాక పలుగు గింజలు చేరతాయి. శ్రీశైలం, నాగార్జునసాగర్ ప్రాంతపు, దాదాపు అంతా పలుగే ఉండే క్వార్ట్‌జైట్ కొండలు మరికొంత ఇస్తాయి. దిగువన మూసీ, పాలేరు, మున్నేరు తెలంగాణ గ్రానైట్ ఇసుకను మోసుకొస్తాయి. గుప్పెడు ఇసుకను తడిపి చూస్తే గాజు మెరుపు గింజలు పలుగు, మసకగా గులాబీ రంగులో ఉన్నవి ఇంకా మట్టిగా మారని ఫెల్డ్‌స్పార్. ఒకటి అరా కనబడే ఎర్ర గింజలు గార్నెట్. మీ పనికి సంబంధించినంతవరకు చూడవలసింది అందులో కలిసిన రేగడి మట్టినే. అరచేతిలో నలిపితే మరక అంటే కడగాలి.

ప్రశ్న: గూడూరు అభ్రకం రేకులు అంత పెద్దవిగా ఉంటాయి, మామూలు గ్రానైట్‌లో నలుసులే ఎందుకు?
— పదో తరగతి విద్యార్థి, తెనాలి

జవాబు: గ్రానైట్ ద్రవం గడ్డకట్టేటప్పుడు ముందు పుట్టే ఖనిజాల్లో చాలావాటికి నీటితో పనిలేదు కనుక, మిగిలిన కొద్ది ద్రవంలో నీరు, బోరాన్, ఫ్లోరిన్ వంటివి చిక్కబడతాయి. అవి ద్రవాన్ని పలుచన చేస్తాయి, కొత్త స్ఫటికాలు మొలవడం తగ్గుతుంది. మొలిచిన కొద్దివాటికి పదార్థమంతా సులభంగా అందుతుంది కనుక అవి పెద్దవిగా పెరుగుతాయి. అలా పెద్ద స్ఫటికాలతో తీగలుగా ఏర్పడినదే పెగ్మటైట్. నెల్లూరు అభ్రకం అంతా ఈ తీగలలోదే.

ప్రశ్న: 160 కోట్లు, 250 కోట్లు అని ఏళ్లు చెబుతారు. రాతి మీద తేదీ రాసి ఉండదు కదా, ఎలా నమ్మాలి?
— విశ్రాంత ఉద్యోగి, పటమట, విజయవాడ

జవాబు: రాసే ఉంటుంది, జిర్కాన్ అనే ఖనిజంలో. గ్రానైట్‌లో అది చాలా తక్కువ, గింజ పొడవు సాధారణంగా మిల్లీమీటరులో పదోవంతు ఉంటుందేమో. అది పుట్టేటప్పుడు యురేనియాన్ని తనలోకి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. లోపలి యురేనియం మాత్రం నిర్ణీత వేగంతో సీసంగా మారుతూ ఉంటుంది. యురేనియంలో రెండు రకాలున్నాయి: యురేనియం 238లో సగం మారడానికి 447 కోట్ల ఏళ్లు, యురేనియం 235లో సగానికి 70.4 కోట్ల ఏళ్లు. ఈనాడు గింజలో ఉన్న సీసం, యురేనియంల నిష్పత్తిని కొలిస్తే గింజ పుట్టిన కాలం తెలుస్తుంది. మీ సందేహానికి అసలు జవాబు రెండు గడియారాలుండడంలో ఉంది. వేగాలు వేరైనా రెండూ ఒకే వయసు చెబితే ఆ లెక్కను నమ్మవచ్చు. మధ్యలో మళ్లీ వేడెక్కి సీసం కొంత జారిపోయి ఉంటే రెండింటికీ పొత్తు కుదరదు, అప్పుడు మోసపోకుండా ముందే తెలిసిపోతుంది.

కంటికి కనిపించే సాక్ష్యమూ ఉంది. గ్రానైట్‌ను కాగితం కన్నా పలుచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే, గోధుమరంగు బయొటైట్‌లో చిక్కుకున్న జిర్కాన్ గింజల చుట్టూ నల్లని వలయాలు కనిపిస్తాయి. జిర్కాన్‌లోని యురేనియం, థోరియం విడుదల చేసిన ఆల్ఫా కణాలు అభ్రకం స్ఫటికాన్ని దెబ్బతీసినంత మేర ఆ నలుపు ఉంటుందని 1907లో జాన్ జోలీ వివరించాడు.

జిర్కాన్ మొండిది. కొండ అరిగి ఇసుక అయినా, ఆ ఇసుక మళ్లీ శిలగా మారినా అది నిలుస్తుంది. ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన ఒక గింజ వయసు సుమారు 440 కోట్ల ఏళ్లు, అది ఉన్న శిల మాత్రం అంతకన్నా ఎంతో తరువాతిది. ఇదే కారణం చేత ఖోండలైట్ వంటి శిలలో వయసు చెప్పేటప్పుడు జాగ్రత్త పడాలి. గింజ నడిమి భాగం, ఒకప్పటి బురదకు మట్టినిచ్చిన పాత కొండల వయసు చెప్పవచ్చు. దాని చుట్టూ కొత్తగా పెరిగిన అంచు మాత్రం లోతున వేడిలో ఉడికిన కాలాన్ని చెబుతుంది. అందువల్ల గింజ మొత్తాన్ని కరిగించి ఒకే అంకె తీయకుండా, అయాన్ పుంజంతో గానీ లేజర్‌తో గానీ నడిమి భాగంలో ఒక చుక్క, అంచున ఒక చుక్క విడివిడిగా కొలుస్తారు.